బాల్ బేరింగులలో పంజరం: దాని రకాలు, దాని ప్రాధాన్యం

యంత్రాన్ని గురించి మాట్లాడేటప్పుడు మనం సామాన్యంగా దాని శక్తిని గురించే ప్రశ్నిస్తాము. ఎన్ని అశ్వశక్తుల మోటారు, ఎంత బరువు ఎత్తగలదు, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది అని అడుగుతాము. కాని ఆ శక్తి అంతా సద్వినియోగం కావడం, లేక ఘర్షణలో వేడిగా మారి వృథా కావడం ఇరుసు తిరిగే చోటును బట్టి ఉంటుంది. ఆ చోట నేడు ఎక్కువగా కనిపించే సాధనం బాల్ బేరింగు. పిండిమరలోను, పొలంలోని నీటి మోటారులోను, సీలింగు ఫ్యానులోను, మోటారు సైకిలు చక్రంలోను అది ఉన్నది.

బాల్ బేరింగులో ముఖ్యమైన భాగాలు నాలుగు. ఇరుసుకు తొడిగే లోపలి వలయం, గూటిలో కూర్చునే వెలుపలి వలయం, ఆ రెండింటి గాడుల నడుమ దొర్లే ఉక్కు గోళీలు, ఆ గోళీలను వేరువేరుగా పట్టి ఉంచే పంజరం. మొదటి మూడింటిని గురించి పాఠ్యగ్రంథాలు పుటల కొద్దీ వివరిస్తాయి. నాల్గవ దానికి ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతాయి. అది బరువు మోయదు గనుక అంత ప్రాధాన్యం లేనిదని విద్యార్థులు భావించడం సహజం. ఆ భావం సరికాదని, బరువు మోయని ఈ భాగం చెడినప్పుడు బరువు మోసే భాగాలు కూడ నిలువలేవని, అందుచేత దాని రకాలను తెలిసి ఎన్నుకొనడం అవసరమని ఈ వ్యాసంలో వివరించదలచాము.

పేరును గురించి ఒక మాట. మనం పంజరం అనే దానిని ఉర్దూలో పింజరా అంటారు. రెండు మాటలకు మూలం ఒకటే. కార్ఖానాలలో పనివారు కేజ్ అనే అంటారు. చిలుక పంజరం లోపలి ప్రాణిని కదలనీయదు. బేరింగులోని పంజరం గోళీని తన గూటిలో స్వేచ్ఛగా తిరగనిస్తుంది, పొరుగు గోళీ జోలికి మాత్రం పోనీయదు.

పంజరం లేనిచో ఏమి జరుగుతుంది?

పక్కపక్కనే ఉన్న రెండు గోళీలను ఊహించండి. రెండూ ఒకే గాడిలో, ఒకే దిశలో దొర్లుతున్నవి. అవి ఒకదానినొకటి తాకినచోట ఒక గోళీ తలం పైకి పోతుంటే రెండవ గోళీ తలం కిందికి వస్తుంటుంది. పళ్ళ చక్రాలను చూసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. కలిసి నడిచే రెండు పళ్ళ చక్రాలు ఎదురు దిశలలోనే తిరుగగలవు, ఒకే దిశలో తిరుగలేవు. అట్లే ఒకే దిశలో తిరిగే గోళీలు తాకినప్పుడు అక్కడ దొర్లుడు ఉండదు, రాపిడి మాత్రమే ఉంటుంది. ఆ రాపిడి వేగం ఒక్కొక్క గోళీ తలవేగానికి రెట్టింపు.

దీనిని అంకెలలో చూద్దాము. బజారులో విరివిగా దొరికే 6205 అనే సంఖ్యగల బేరింగును తీసుకుందాము. దాని లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసం 52 మిల్లీమీటర్లు, వెడల్పు 15 మిల్లీమీటర్లు. అందులో సుమారు 7.94 మిల్లీమీటర్ల గోళీలు సాధారణంగా 9 ఉంటాయి. గోళీల కేంద్రాలు తిరిగే వృత్తపు వ్యాసం సుమారు 39 మిల్లీమీటర్లు. ఈ బేరింగు నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారులో ఉన్నదనుకొనండి. అప్పుడు ఒక్కొక్క గోళీ తన చుట్టూ తాను నిమిషానికి దాదాపు 3,390 సార్లు తిరుగుతుంది. దాని తలవేగం సెకనుకు 1.4 మీటర్లు. రెండు గోళీలు తాకితే వాటి మధ్య రాపిడి వేగం సెకనుకు 2.8 మీటర్లు. గట్టి ఉక్కు మీద గట్టి ఉక్కు, అదీ ఒక బిందువు వద్ద, ఇంత వేగంతో ఒరుసుకొంటే కందెన పొర నిలువదు. వేడి పుడుతుంది, తలం గీరుకొంటుంది.

ఇది మొదటి ప్రయోజనం. రెండవ ప్రయోజనం బేరింగు నిర్మాణంలోనే ఉన్నది. నేడు ఎక్కువగా వాడే లోతైన గాడి బాల్ బేరింగును కూర్చే విధానానికి రాబర్ట్ కాన్రాడ్ అనే ఇంజనీరు 1903లో బ్రిటన్‌లోను, 1906లో అమెరికాలోను పేటెంట్లు పొందాడు. వెలుపలి వలయంలో లోపలి వలయాన్ని ఒక పక్కకు జరిపి ఉంచుతారు. ఎదుటి పక్క నెలవంక ఆకారంలో ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ గుండా గోళీలను గాడిలోకి దింపుతారు. పిమ్మట లోపలి వలయాన్ని మధ్యకు తెచ్చి, గోళీలను చుట్టూ సమాన దూరంలో సర్ది, చివరగా పంజరాన్ని బిగిస్తారు.

మన 6205లో 9 గోళీలను వరుసగా ఆనించి పెడితే 71 మిల్లీమీటర్ల పొడవు వస్తుంది. గోళీల వృత్తపు చుట్టుకొలత 122 మిల్లీమీటర్లకు పైబడినది. అనగా వృత్తంలో నలభై శాతానికి పైగా ఖాళీయే. ఆ ఖాళీని అదుపులో ఉంచేది పంజరమే. పంజరాన్ని తీసివేస్తే గోళీలన్నీ ఒక పక్కకు చేరవచ్చు. లోపలి వలయం కేంద్రం నుండి తొలగి, ఏ నెలవంక గుండా గోళీలు లోపలికి వచ్చినవో దాని గుండానే బయటికి రాగలవు. బేరింగును ఒక్కటిగా నిలిపే చివరి ముడి పంజరమే.

మూడవది, బరువు అంతా బేరింగు ఒక పక్కనే పడుతుంది. బరువు లేని పక్కకు వచ్చిన గోళీ తనంతట తాను సక్రమంగా దొర్లదు. దానిని నడిపించి మళ్ళీ బరువు పడే చోటికి సకాలంలో చేర్చేది పంజరం. నాల్గవది, పంజరపు గూళ్ళు కొంత గ్రీజును, నూనెను పట్టి ఉంచుతాయి.

పూర్వ చరిత్ర

గోళీలను వేరుగా ఉంచవలెనన్న ఆలోచన పాతది. లియొనార్డో డావించీ 1490 ప్రాంతాలలో రాసిన పుస్తకంలో, గోళీలు ఒకదానినొకటి తాకకుండా అమర్చిన చిత్రం ఉన్నది. ఆ పుస్తకం 1960లలో మాడ్రిడ్ జాతీయ గ్రంథాలయంలో మరల బయటపడినది. కార్యరూపంలో పంజరాన్ని వాడిన వారిలో ప్రముఖుడు ఇంగ్లండు వడ్రంగి, గడియారాల నిపుణుడు జాన్ హారిసన్. సముద్రం మీద రేఖాంశం కనుగొనడానికి పనికివచ్చే గడియారం కొరకు ఆయన జీవితమంతా శ్రమించాడు. 1740 నుండి 1759 వరకు నిర్మించిన తన మూడవ గడియారంలో పంజరంతో కూడిన రోలరు బేరింగును అమర్చాడు. 1794లో వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ బండి ఇరుసుకు బాల్ బేరింగు పేటెంటు పొందాడు. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ గోళీలను సమానంగా సానపట్టే యంత్రాన్ని నిర్మించిన తరువాత బాల్ బేరింగు పరిశ్రమగా రూపొందినది. గోళీలు మెరుగైనవి, వేగాలు పెరిగినవి. వేగం పెరిగిన కొలది పంజరం సమస్య ముందుకు వచ్చినది.

పంజరం ఎంత వేగంతో తిరుగుతుంది?

ఇరుసు ఎంత వేగంతో తిరిగితే పంజరమూ అంత వేగంతో తిరుగుతుందని కొందరు అనుకొంటారు. అది సరికాదు. వెలుపలి వలయం కదలక, లోపలిది తిరుగుతున్నప్పుడు గోళీ కేంద్రం లోపలి గాడి తలవేగంలో సగం వేగంతో సాగుతుంది. గోళీ పరిమాణాన్ని కూడ లెక్కలోకి తీసుకొంటే, 6205 బేరింగులో పంజరం వేగం ఇరుసు వేగానికి 0.398 వంతు. ఇరుసు నిమిషానికి 1,440 చుట్లు తిరిగితే పంజరం 573 చుట్లు తిరుగుతుంది. రాత్రింబవళ్ళు నడిచే మోటారులో అది రోజుకు 8 లక్షల చుట్లకు పైమాటే.

ఈ సంఖ్య చేతిలో ఉంటే కనిపించని పంజరపు ఆరోగ్యాన్ని బయటనుండి గ్రహించవచ్చు. కంపనాన్ని కొలిచే పరికరంలో ఇరుసు వేగానికి సగం కన్న కొంచెం తక్కువ వేగంతో ఒక కంపనం కనిపించినచో పంజరాన్ని అనుమానించవలెనని నిపుణులు చెప్పడానికి కారణం ఇదే.

రేకు పంజరాలు

అన్నిటికన్న విరివిగా వాడేది తక్కువ కర్బనం గల ఉక్కురేకుతో అచ్చుకొట్టిన పంజరం. పలుచని ఉక్కుపట్టీని ప్రెస్సులో నొక్కి, గోళీల సంఖ్యకు తగినట్లు అలలవలె వంచిన రెండు సగాలను తయారు చేస్తారు. గోళీలకు రెండు వైపుల నుండి వాటిని ఆనించి, గోళీకీ గోళీకీ మధ్యనున్న చదునైన భాగంలో రివెట్లతో బిగిస్తారు. కొన్నిటిలో రివెట్లకు బదులు రేకు నాలుకలను మడుస్తారు, లేదా అతుకుతారు. పాత బేరింగును విప్పి చూస్తే ఎక్కువగా కనిపించేది ఈ రిబ్బను పంజరమే.

దీని గుణాలు అనేకం. తేలిక, చవక, బలం గలది. ఎక్కువ స్థలాన్ని ఆక్రమించదు గనుక గ్రీజుకు చోటు మిగులుతుంది. నైలాను కరిగే వేడిలో కూడ ఇది నిలుస్తుంది. దోషాలు కూడ ఉన్నవి. ఉక్కు గోళీ మీద ఉక్కు గూడు రాసుకొంటుంది గనుక కందెన తప్పనిసరి. అది ఎండిపోతే గూడు అరిగి వదులవుతుంది. ఎక్కువ కుదుపులు గల యంత్రంలో రివెట్టు తల వద్ద పగులు మొదలవుతుంది. ఇదే పద్ధతిలో ఇత్తడి రేకుతో కూడ పంజరాలు చేస్తారు. ఇత్తడికి ఉక్కు మీద రాపిడి తక్కువ.

లేతు మీద చెక్కిన ఇత్తడి పంజరాలు

పెద్ద బేరింగులలోను, కుదుపులు, హఠాత్తుగా వేగం పెరగడం తగ్గడం ఉండే యంత్రాలలోను రేకు పంజరం సరిపోదు. అక్కడ దళసరి ఇత్తడి వలయాన్ని లేతు మీద చెక్కి, గోళీల కొరకు గూళ్ళు తొలిచి తయారుచేసిన పంజరాలు వాడతారు. రాళ్ళను పిండిచేసే యంత్రాలు, కంపించే జల్లెడలు, పెద్ద పంపులు, పెద్ద విద్యుత్ మోటార్లు వీటి స్థానాలు. ఇత్తడి వేడిని త్వరగా బయటికి చేరవేస్తుంది. కొంతసేపు కందెన తగ్గినా ఉక్కువలె వెంటనే పట్టేయదు.

వీటిలో పంజరాన్ని ఏది నిలబెడుతున్నది అన్న దానిని బట్టి మూడు తరగతులు ఉన్నవి. గోళీల మీదనే ఆని తిరిగేది మొదటిది. వెలుపలి వలయపు అంచు మీద ఆని తిరిగేది రెండవది. లోపలి వలయపు అంచు మీద ఆని తిరిగేది మూడవది. లోపలి వలయం పంజరం కన్న వేగంగా తిరుగుతుంది గనుక దానిమీద ఆనిన పంజరం ముందుకు నడపబడుతుంది. వెలుపలి వలయం నిలిచి ఉంటుంది గనుక దానిమీద ఆనిన పంజరానికి కొంత అడ్డు తగులుతుంది. అయితే తిరుగుడువల్ల నూనె వెలుపలి వైపుకే విసరబడుతుంది. అందుచేత వెలుపలి అంచు వద్ద నూనె సమృద్ధిగా ఉంటుంది. అధిక వేగాలకు వెలుపలి ఆధారమే ఎక్కువగా ఎన్నుకోబడుతున్నది.

ఇత్తడికి ఒక శత్రువు ఉన్నది. అది అమ్మోనియా. ఈ సంగతి వెనుక మన దేశానికి సంబంధించిన ఒక చరిత్ర ఉన్నది. 19వ శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిషు సైన్యంలో గుర్రపుశాలలలో నిలువ ఉంచిన ఇత్తడి తూటా గొట్టాలు వర్షాకాలంలో ఏ దెబ్బా తగలకుండానే పగులుతూ వచ్చినవి. ఋతువును బట్టి వచ్చే పగులు గనుక దానికి ఋతుభంగం వంటి పేరే ఆంగ్లంలో స్థిరపడినది. గుర్రాల మూత్రం, పేడ నుండి వెలువడిన అమ్మోనియా, గాలిలోని తేమ, గొట్టాన్ని సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిసి ఇత్తడిని పగులగొడుతున్నవని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. గుంటూరు ప్రాంతపు మిరప శీతల గిడ్డంగులలోను, ఐసు కర్మాగారాలలోను అమ్మోనియాతో నడిచే కంప్రెసర్లు ఉన్నవి. అటువంటి చోట రేకును నొక్కి చేసిన ఇత్తడి పంజరం ప్రమాదకరం. నొక్కినప్పటి ఒత్తిడి దానిలో నిలిచి ఉంటుంది గనుక పగులుకు అది అనువైన స్థానం. అక్కడ ఉక్కు పంజరాన్ని కోరడం క్షేమం.

బట్టతో చేసిన పంజరం

ఉక్కు బేరింగులో బట్ట ఉంటుందంటే ఆశ్చర్యంగా తోచవచ్చు. లియో బేక్‌లాండ్ 1907లో కనుగొన్న బేకలైటు జాతి జిగురులో నూలుబట్టను తడిపి, పొరలు పొరలుగా చుట్టి, వేడితోను ఒత్తిడితోను గట్టిపరచి, ఆ గొట్టాన్ని లేతు మీద చెక్కి పంజరాలు తయారు చేస్తారు.

దీని ఉపయోగం అధిక వేగంలో ఉన్నది. తిరిగే వస్తువు మీద పనిచేసే అపకేంద్ర బలం దాని ద్రవ్యరాశికి అనుపాతంలోను, వేగపు వర్గానికి అనుపాతంలోను పెరుగుతుందని మనం భౌతికశాస్త్రంలో చదివాము. వేగం రెట్టింపయితే ఆ బలం నాలుగింతలు అవుతుంది. ఘన సెంటీమీటరు ఇత్తడి బరువు 8.4 గ్రాములు. బట్ట బేకలైటు బరువు 1.4 గ్రాములకు లోపు. ఒకే ఆకారంలో చేసినచో బట్ట పంజరం ఇత్తడిలో ఆరవ వంతు బరువు మాత్రమే తూగుతుంది. అందుచేత సానపట్టే యంత్రాల కదుళ్ళలోను, ఇతర సునిశిత యంత్రాలలోను దీనిని ఎన్నుకొంటారు. బట్ట కొంత నూనెను పీల్చుకొని మెల్లగా విడుస్తుంది. ఇది కూడ ఒక లాభం. అయితే సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిని ఇది భరించలేదు.

నైలాను పంజరాలు

వాలెస్ కరోథర్స్ 1935లో అమెరికాలో రూపొందించిన నైలాను 66 మొదట మేజోళ్ళకు ప్రసిద్ధి చెందినా, అనంతరకాలంలో బేరింగులలో ప్రవేశించినది. దానిలో సామాన్యంగా 25 శాతం గాజునారను కలిపి, కరగించి, అచ్చులోకి ఎక్కించి పంజరాన్ని పోస్తారు. లోతైన గాడి బేరింగులకు ఇది కిరీటం ఆకారంలో ఉంటుంది. ఒక పక్క మూసి, మరొక పక్క తెరిచి ఉన్న గూళ్ళు గోళీల మీద నొక్కగానే కొద్దిగా విచ్చుకొని, గోళీని పట్టుకొని మళ్ళీ దగ్గరపడతాయి. రివెట్టు అక్కరలేదు. ఒకే అచ్చులో వేల పంజరాలు ఒకే కొలతలో వస్తాయి.

నైలానుకు సాగే గుణం ఉన్నది. గోళీ తోసినప్పుడు అది కొద్దిగా వంగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. చప్పుడు తక్కువ. కందెన కొంతసేపు తగ్గినా ఉక్కు మీద సులభంగా జారుతుంది. ఇవి దాని సుగుణాలు. ఎల్లప్పుడు 120 డిగ్రీలకు పైన నడిచే చోట మాత్రం ఇది త్వరగా ముసలిదవుతుంది. రంగు మారి, పెళుసై, ఒకనాడు విరుగుతుంది. అధిక పీడనం కొరకు రసాయనాలు కలిపిన కొన్ని గేరు నూనెలు ఈ వృద్ధాప్యాన్ని వేగిరపరుస్తాయి. 40 డిగ్రీల మైనస్ చలికి లోబడిన చోట కూడ పెళుసవుతుంది. ఉక్కు పంజరం తీసిన చోట నైలానుది వేసి, అది ఆరు నెలలకే విరిగినదని తయారీదారును నిందించడం న్యాయం కాదు. వేడిని కొలిచి చూడని దోషం అందులో ఉన్నది.

అసాధారణ పరిస్థితులకు అసాధారణ పంజరాలు

విమాన ఇంజనులలో ప్రధాన ఇరుసు బేరింగులకు బలమైన మిశ్ర ఉక్కు పంజరాలు చేసి, వాటిపై వెండి పూత పూస్తారు. క్షణకాలం నూనె ఆగినా మెత్తని వెండి పొర ఘర్షణను ఓర్చుకొంటుంది. వేడి ఎక్కువగా ఉండే చోట నైలాను స్థానాన్ని, 1980ల ఆరంభంలో వాడుకకు వచ్చిన పీక్ అనే ప్లాస్టిక్కు ఆక్రమించినది. అది 200 డిగ్రీల ప్రాంతంలో కూడ పనిచేస్తుంది, వెల మాత్రం ఎక్కువ.

1981 నుండి 2011 వరకు ఎగిరిన అమెరికా స్పేస్ షటిల్ ఇంజనుల చరిత్ర ఈ విషయంలో గమనార్హం. ద్రవ ఆక్సిజనును తోడే పంపు ఇరుసు నిమిషానికి 28,000 చుట్ల ప్రాంతంలో తిరిగేది. ఆ ద్రవం 183 డిగ్రీల మైనస్ చలిలో ఉంటుంది. నూనె గాని, గ్రీజు గాని ఆక్సిజనుతో కలిస్తే మండుతుంది. కందెన లేకుండా బేరింగు ఎట్లు నడవాలి? అక్కడ టెఫ్లాను, గాజుబట్ట కలిపి చేసిన పంజరం వాడారు. గోళీలు తిరిగేటప్పుడు పంజరం నుండి అతి పలుచని టెఫ్లాను పొర గోళీలకు అంటుకొనేది. అక్కడ పంజరమే కందెన. ఉపగ్రహాల దిశను నిలిపే చక్రాలను ఇస్రో తన తిరువనంతపుర విభాగంలో తయారు చేస్తున్నది. అటువంటి చక్రాల బేరింగులలో పంజరం నిలకడ తప్పి ఊగులాడకుండా చూడడం ప్రపంచమంతటా ఇంజనీర్లు శ్రద్ధ వహించే అంశం. ఆకాశంలో బేరింగును మార్చే ఫిట్టరు ఉండడు గదా.

పంజరం లేని బేరింగులు

అన్ని బేరింగులకూ పంజరం ఉండదు. మన సైకిలునే చూడండి. సాధారణ సైకిలు ముందు చక్రపు ఇరుసులో పక్కకు 10 చొప్పున, వెనుక చక్రంలో పక్కకు 9 చొప్పున విడి గోళీలే ఉంటాయి. పెడళ్ళ ఇరుసులో విడి గోళీలు వేస్తే పక్కకు 11 పడతాయి. పంజరంలో కూర్చినవి వేస్తే 9 మాత్రమే. ఈ రెండు గోళీల తేడాలో ముఖ్యమైన పాఠం ఉన్నది. పంజరం చోటును ఆక్రమిస్తుంది. దానిని తీసివేస్తే గోళీలు పెరిగి, బరువు మోసే శక్తి పెరుగుతుంది. కాని వేగం తగ్గించుకొనవలె. నెమ్మదిగా తిరిగే సైకిలుకు ఆ బేరం లాభమే. వేగంగా తిరిగే మోటారుకు అది నష్టం.

లెక్కలో చేరని భాగం

ఇప్పుడు మా ప్రధాన విషయానికి వద్దాము. బేరింగు ఎంతకాలం మన్నుతుందో లెక్కించడానికి ఒక సూత్రం ఉన్నది. స్వీడనుకు చెందిన పాల్మ్‌గ్రెన్ 1924లో ఆరంభించిన ఈ కృషి 1947లో లుండ్‌బర్గ్‌తో కలిసి ప్రచురించిన సిద్ధాంతంతో స్థిరపడినది. బేరింగు సామర్థ్యాన్ని దాని మీద పడే బరువుతో భాగించి, వచ్చిన సంఖ్యను ఘనం చేస్తే, నూటికి తొంబది బేరింగులు తప్పక తిరుగగల చుట్ల సంఖ్య మిలియన్లలో వస్తుంది. 6205 సామర్థ్యం సుమారు 14 కిలోన్యూటన్లు. దానిపై 1.4 కిలోన్యూటన్ల బరువు పడితే భాగఫలం 10, దాని ఘనం 1,000. అనగా నూరు కోట్ల చుట్లు. నిమిషానికి 1,440 చుట్ల చొప్పున అది 11,500 గంటలకు పైగా వస్తుంది.

ఈ లెక్క అందమైనది, ఉపయోగకరమైనది. అయితే అది వలయాల, గోళీల లోహం అలసి పొరలు లేవడాన్ని మాత్రమే లెక్కిస్తుంది. పంజరం అందులో ఎక్కడా లేదు. పంజరం విరుగదని అనుకొనే ఆ లెక్క నడుస్తుంది. అది వందవ గంటలో విరిగితే మిగిలిన గంటలన్నీ కాగితం మీదనే ఉండిపోతాయి.

పైగా చెడే తీరులో కూడ భేదం ఉన్నది. గాడిలో పొర లేచినప్పుడు చప్పుడు క్రమంగా పెరుగుతుంది. తరచుగా దినాలు, వారాలు వ్యవధి ఇస్తుంది. పంజరం విరిగినప్పుడు చాలాసార్లు ఆ వ్యవధి ఉండదు. విరిగిన ముక్క గోళీకి అడ్డుపడుతుంది, గోళీలు గుంపుకూడుతాయి, ఇరుసు పట్టేస్తుంది. మోటారు తీగచుట్టు కాలిపోవడం, ఇరుసు పాడుకావడం దాని పర్యవసానం.

పంజరం విరగడానికి కారణాలు తెలిసినవే. మొదటిది కందెన లోపం. గోళీకీ గాడికీ మధ్య ప్రధానంగా దొర్లుడు ఉంటుంది, గోళీకీ పంజరానికీ మధ్య ఉన్నది కేవలం జారుడు. అందుచేత కందెన తగ్గినప్పుడు తరచుగా మొదట బాధపడేది పంజరమే. రెండవది ఇరుసు వంకర. ఇరుసు, గూడు ఒకే రేఖలో లేకుంటే కొన్ని గోళీలు ముందుకు, కొన్ని వెనుకకు పోజూస్తాయి. పంజరం వాటి నడుమ లాగబడి అలసిపోతుంది. మూడవది కుదుపు. నాల్గవది దుమ్ము. ఐదవది బిగించేటప్పటి అజాగ్రత్త. ఉలి పెట్టి సుత్తితో కొట్టి బేరింగును దింపడం కొన్ని చోట్ల అలవాటు. ఆ దెబ్బ పంజరం మీద పడి అది కొద్దిగా వంగినా చాలు, గోళీ ప్రతి చుట్టులో అక్కడ ఒరుసుకొంటుంది.

పాత గ్రీజు కూడ సాక్ష్యం చెబుతుంది. అందులో పసుపు మెరుపు కనిపిస్తే ఇత్తడి పంజరం అరుగుతున్నదని గ్రహించవలె. నైలాను పంజరం గోధుమరంగుకు తిరిగి, వేలితో వంచితే విరిగినచో వేడి ఎక్కువైనదని తెలుసుకొనవలె.

ఎంపిక

ఎంపికకు ఐదు ప్రశ్నలు చాలును. వేగమెంత? వేడి ఎంత? ఏ కందెన? కుదుపు ఉన్నదా? చుట్టూ ఏ వాయువు, ఏ ద్రవం ఉన్నవి? మామూలు వేగం, మామూలు వేడి అయితే రేకు పంజరం. నిశ్శబ్దం కావలసి, వేడి తక్కువైతే నైలాను. కుదుపులకు చెక్కిన ఇత్తడి. అధిక వేగానికి బట్ట బేకలైటు. అమ్మోనియాకు ఉక్కు.

ఈ భేదాలు బేరింగు సంఖ్య చివరనున్న అక్షరాలలో ఉంటాయి. 6205 అనే అంకె కొలతలను తెలుపుతుంది గాని పంజరాన్ని తెలుపదు. చెక్కిన ఇత్తడికి ఎం అనే అక్షరం, గాజునార నైలానుకు టి.ఎన్. 9 వంటి గుర్తు కొన్ని సంస్థలు వాడతాయి. అక్షరాలు సంస్థను బట్టి మారుతాయి గనుక ఆ సంస్థ పట్టిక చూడక తప్పదు. పాత బేరింగు మీది అంకెలను మాత్రం చీటీ మీద రాసుకొని, అక్షరాలను వదలి బజారుకు పోవడం ఎందరో చేసే పని. కొలత సరిపోతుంది, బేరింగు బిగుస్తుంది, యంత్రం నడుస్తుంది. తేడా కొన్ని నెలల తరువాత తెలుస్తుంది.

ఈ విద్య మన ప్రాంతానికి దూరమైనది కాదు. 1964లో ఏర్పడిన ఇండో నిప్పాన్ ప్రెసిషన్ బేరింగ్స్ సంస్థ హైదరాబాదులోని మౌలాలీలో బేరింగులు తయారు చేసినది. 1981లో అది హెచ్.ఎం.టి. చేతికి వచ్చినది. 2016లో దాని మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది. కర్మాగారం మూతపడినా బేరింగు అవసరం మూతపడలేదు. ప్రతి పల్లెలోను మోటార్లు ఉన్నవి, వాటిని బాగుచేసే చేతులు ఉన్నవి. ఆ చేతులకు తోడు శాస్త్రజ్ఞానం కావలె.

అందుచేత కళాశాల పాలకవర్గానికి ఒక చిన్న మనవి. మోటారు మరమ్మతు దుకాణాలలో పారవేసే పాత బేరింగులు దాదాపు ఉచితంగా దొరుకుతాయి. వాటిని కోసి, శుభ్రపరచి, ఒక్కొక్క పంజరపు రకాన్ని దాని పేరుతో ఒక పలక మీద అమర్చి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచినచో విద్యార్థులకు ఎంతో మేలు. విరిగిన పంజరాలను కూడ, విరిగిన కారణం రాసి, పక్కనే ఉంచవలె. చక్కగా ఉన్న దానికన్న విరిగినది ఎక్కువ నేర్పుతుంది.

విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇంతే. సూత్రంలో చేరిన అంశాలను క్షుణ్ణంగా నేర్చుకొనండి. అంతటితో ఆగక, సూత్రంలో చేరనిది ఏమున్నదో కూడ అడగండి. ఇకమీదట బేరింగు కొనడానికి పోయినప్పుడు అంకెలతోపాటు చివరి అక్షరాలను కూడ రాసుకొని పోతారని మా ఆశ.